నల్లమల కొండల మీద మోసిన లైను

టవరు లైను పని అనగానే అందరికీ ఆకాశంలో వేలాడే మనుషులే గుర్తొస్తారు. ఉద్యోగ జీవితమంతా ఆ పనిలోనే గడిపిన నాకు మాత్రం ముందుగా గుర్తొచ్చేది మోత. భుజాన ఇనుము, నెత్తిన నీళ్లు, చేతిలో తాడు. కొండల్లో లైను కట్టడమంటే నూటికి తొంభై పాళ్లు నడవడం, మోయడం. పైకి ఎక్కేది నలుగురైతే, వాళ్లను పైన నిలబెట్టేది కింద ఉన్న నలభై మంది. ఆ నలభై మంది గురించి ఏ శిలాఫలకం మీదా ఉండదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

శ్రీశైలం ఎడమ గట్టున, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఈగలపెంట దగ్గర, కొండ కడుపులో భూగర్భ జలవిద్యుత్ కేంద్రం తయారవుతున్న రోజులవి. 150 మెగావాట్ల యూనిట్లు ఆరు, మొత్తం 900 మెగావాట్లు. అక్కడ పుట్టే కరెంటును నల్లమల దాటించి హైదరాబాదు వైపు తీసుకురావాలి. ఆ 400 కేవీ (కిలోవోల్టుల) లైనులో అడవి భాగానికి ఒక గుత్తేదారు సంస్థ తరఫున సైటు ఇంజనీరుగా వెళ్లాను. మాది నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు. డిండి దాటితే అచ్చంపేట, మన్ననూరు. ఇంటికి దగ్గరే కదా అని అమ్మ సంతోషించింది. మన్ననూరు దాటాక దూరాలను కిలోమీటర్లలో లెక్కపెట్టరని మా ఇద్దరికీ తెలియదు.

400 కేవీయే ఎందుకని మా ఊళ్లో చాలామంది అడిగేవారు. 900 మెగావాట్లను మన పొలాల మీదుగా పోయే 11 కేవీ తీగలో పంపాలంటే సుమారు 47 వేల ఆంపియర్లు పారాలి. అంత కరెంటు మోసే తీగ లేదు, ఉన్నా దారిలోనే వేడైపోతుంది. అదే 400 కేవీకి పెంచితే 1,300 ఆంపియర్లు చాలు. తీగలో వృథా అయ్యేది కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి వోల్టేజీ పెంచినకొద్దీ నష్టం అంతకంత తగ్గుతుంది. కానీ వోల్టేజీ పెరిగితే తీగ నేలకు దూరంగా ఉండాలి, టవరు ఎత్తు పెరగాలి, ఇనుము బరువు పెరగాలి. కాగితం మీద తగ్గిన నష్టమంతా కొండ మీద మనిషి భుజానికి బరువుగా వచ్చి చేరుతుంది.

సర్వే నుంచి మొదలుపెడతాను. ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు అన్నిటికన్నా ఇష్టమైన దశ అదే.

సర్వే ఆఫ్ ఇండియా పటం మీద గీత గీయడానికి ఒక పూట చాలు. ఆ గీత వెంబడి నడవడానికి నెలలు పట్టింది. కోణాలు కొలిచే థియోడొలైటు, దాని మూడు కాళ్ల స్టాండు, ఎరుపు తెలుపు చారల గడకర్రలు, గొలుసు, జెండాలు, నీళ్ల క్యాన్లు. ముందు ఒక చెంచు పెద్దాయన, వెనుక మేము. ఆయన భుజాన చిన్న గొడ్డలి, అంతే. పటంలో దగ్గరదగ్గరగా ఉన్న గీతలను చూసి ఇక్కడ ఏటవాలు ఉందని మేము చెప్పేవాళ్లం. ఆయన అక్కడి చెట్టును చూసి, కింద బండ ఉందో మట్టి ఉందో చెప్పేవాడు. ఏరుమద్ది గుంపుగా ఉంటే దగ్గరలో వాగు ఉన్నట్టు. బోద గడ్డి తప్ప ఏమీ మొలవని చోట మట్టి జానెడు లోతు కూడా ఉండదు. తర్వాత గుంతలు తవ్వినప్పుడు చూస్తే ఆయన చెప్పినది దాదాపు ఎక్కడా తప్పలేదు.

నేల ఎత్తుపల్లాలను గ్రాఫు కాగితం మీదికి ఎక్కించి, దాని మీద తీగ వంపు ఆకారంలో కత్తిరించిన పారదర్శకమైన అచ్చును జరుపుతూ టవర్లు ఎక్కడెక్కడ నిలబెట్టాలో తేల్చేవాళ్లం. మైదానంలో 400 మీటర్లకొకటి పెట్టుకుంటూ పోవచ్చు. కొండల్లో అలా కుదరదు. లోయ అడుగున టవరు పెడితే రెండు పక్కల శిఖరాల మీది టవర్లు తీగను పైకి లాగుతాయి. చలికాలంలో తీగ ముడుచుకున్నప్పుడు ఆ లోయ టవరు నుంచి ఇన్సులేటర్ల దండ, అంటే కరెంటు టవరుకు తగలకుండా తీగను పట్టుకునే పింగాణీ బిళ్లల వరస, కిందికి వేలాడాల్సింది పోయి పైకి లేస్తుంది. అందుకని శిఖరం నుంచి శిఖరానికే తీగ దూకాలి. అలా దూకించడం వల్ల మరో మేలు కూడా ఉంది. తీగ అంత ఎత్తున పోతుంటే లోయలోని చెట్లను కొట్టాల్సిన పని ఉండదు. 400 కేవీ లైనుకు అడవిలో 52 మీటర్ల వెడల్పు దారి అనేది అప్పటి లెక్క. కానీ ఆ వెడల్పునంతా నరికెయ్యాలని ఎక్కడా లేదు. తీగ లాగడానికి ఒక్కో తీగ కింద మూడు మీటర్ల పట్టీ, తగిలే కొమ్మల నరుకుడు, అంతే. అటవీ సిబ్బంది ఒక్కో చెట్టుకు రంగుతో అంకె వేసి, పుస్తకంలో రాసుకుని, ఆ తర్వాతే గొడ్డలి వెయ్యనిచ్చేవారు. ఒక్క టవరును పక్క శిఖరానికి మార్చి వందలాది చెట్లను కాపాడిన రోజు రాత్రి మా గుడారంలో అందరం హాయిగా నిద్రపోయాం. మా చెంచు పెద్దాయన అయితే ఇప్పచెట్టు ఒకటి బతికిందని రెండు రోజులపాటు చెప్పుకున్నాడు.

పునాదుల పని నీళ్ల పని. ఈ మాట నల్లమలలో పనిచేసినవారికే అర్థమవుతుంది. కింద లోయలో కృష్ణ పారుతుంటుంది, పైన పీఠభూమి మీద వేసవిలో బిందెడు నీళ్లు దొరకవు. ఒక సిమెంటు బస్తాకు పాతిక లీటర్ల నీళ్లు కావాలి. అది కలపడానికి. పోసిన కాంక్రీటుకు గోనెపట్టాలు చుట్టి రెండు వారాలు తడుపుతూ ఉండాలి. కలపడానికైన నీళ్లకు ఎన్నో రెట్లు తడపడానికి కావాలి. ఆ నీళ్లను మోసింది ఆడవాళ్లు. వాగులో మిగిలిన మడుగు దగ్గర బిందె ముంచి, చుట్టకుదురు మీద పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కేవారు. జారుడు బండ మీద వట్టి కాలే నమ్మకమట. పైకి చేరేసరికి పెద్దగా నీళ్లు తొణికేవి కావు. ఒకసారి గమనించాను, ఒకామె బిందెలో మోదుగాకులు రెండు వేసుకుని ఎక్కుతోంది. ఆకు తేలుతుంటే నీళ్లు ఊగవని చెప్పింది. మరుసటి రోజు నుంచి అందరి బిందెల్లో ఆకులు.

గుంతల పని మరో తపస్సు. అక్కడి బండ క్వార్ట్జైటు, ఉలి మొనను తినేసే రాయి. కంప్రెసర్ కొండెక్కదు. పేలుడు మందు మాట ఎత్తితే అటు అటవీ శాఖ, ఇటు పోలీసులు. నల్లమలలో నక్సలైట్ల ఉద్యమం, పోలీసు గాలింపులు ముమ్మరంగా ఉన్న కాలం కూడా అది. చివరికి వడ్డెరలే దిక్కయ్యారు. పెద్దమేస్త్రి బండ మీద చెయ్యి పెట్టి, నిమిరి, సన్నటి గీత ఒకటి వెతికేవాడు. ఆ గీత వెంబడి వరసగా చిన్న గుంటలు తొలిచి, ఇనుప చీలలు దించి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కో దెబ్బ చొప్పున సమ్మెట వేసుకుంటూ పోయేవాళ్లు. దెబ్బకు దెబ్బకు శబ్దం మారేది. మొదట టంగుమని మోగిన చీల, తర్వాత మొద్దుగా పలికేది. అలా పలికిందంటే లోపల రాయి వదిలేసినట్టు. గట్టి బండ దొరికిన చోట అంత లోతుకు తవ్వకుండా, బండలోకే రంధ్రాలు వేసి, ఊచలు దించి, సిమెంటు పాలు పోసి బిగించేవాళ్లం.

తర్వాత స్టబ్బులు. టవరు నాలుగు కాళ్లకు భూమిలో ఉండే ఇనుప వేళ్లు అవి. నాలుగూ సరైన వాలులో, సరైన దూరంలో కూర్చోవాలి. ఉక్కు టేపుతో మూలమట్టాలు కొలిచి, గుండు దారం వేలాడదీసి, మళ్లీ కొలిచి, ఆ తర్వాతే కాంక్రీటు. కింద రవ్వంత తేడా వస్తే పైన బోల్టు రంధ్రాలు కలవవు. ఏటవాలులో అయితే నాలుగు కాళ్లూ నాలుగు పొడవులు. కొండను చదును చేసి టవరు పెట్టడం తేలికే. కానీ కోసిన కొండ వానకు జారుతుంది. అందుకని కొండను ముట్టుకోకుండా టవరు కాళ్లనే పొడుగూ పొట్టీ చేస్తాం. మెట్ల మీద ఒక కాలు పైన, ఒక కాలు కింద పెట్టి నిలబడ్డ మనిషిలా ఉంటుంది చూడటానికి.

ఇక ఇనుము. మామూలు టవరే పది టన్నులు దాటుతుంది. లైను మలుపు తిరిగే చోట టవరు దానికి రెట్టింపు తూగుతుంది. శ్రీశైలం రోడ్డు పక్కన లారీ దించేస్తుంది; అక్కడి నుంచి భుజమే. ఆ పనికి వచ్చింది పాలమూరు కూలీలే. అప్పట్లో దేశంలో ఏ పెద్ద ఆనకట్ట కట్టినా, ఏ కాలువ తవ్వినా వాళ్లు ఉండేవారు. మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లాపాపలతో రైలెక్కి, ఏడాదికోసారి పండక్కి వచ్చే బతుకు. సొంత జిల్లాలో పని దొరకడం వాళ్లకు అరుదు. మా గ్యాంగు మేస్త్రిది కల్వకుర్తి దగ్గరి ఊరు. సాయంత్రం పని అయ్యాక ఉత్తరం వైపు చూపిస్తూ, "సారూ, ఇక్కడి నుంచి మా ఊరికి పొద్దున బయలుదేరితే రాత్రికి చేరొచ్చు. ఇంత దగ్గరలో ఎన్నడూ పని చెయ్యలేదు" అనేవాడు.

ఆయనకు చదువు రాదు. టవరుకు వందలాది ముక్కలుంటాయి. ప్రతి ముక్క మీదా జింకు పూత వెయ్యడానికి ముందే అంకె, అక్షరం గుద్ది ఉంటాయి. పూత తర్వాత అవి సగం పూడిపోతాయి. మేము చత్వారపు కళ్లతో వెతుక్కుంటుంటే ఆయన బొటనవేలితో తడిమి, "ఇది నడుము ముక్క, ఇది చెయ్యి ముక్క, ఇది ఎడమ కాలిది" అని విడదీసేవాడు. ఆకారమే ఆయనకు అక్షరం. ఎనిమిది మంది ఒక పొడవాటి కాలు ముక్క ఎత్తుకుంటే ఎత్తు ప్రకారం మనుషులను వరసలో నిలబెట్టేది ఆయనే. ఎక్కేటప్పుడు పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనుక, దిగేటప్పుడు తిరగబడాలి. లేకపోతే బరువంతా ఇద్దరి మీదే పడుతుంది. మధ్యాహ్నం సద్ది మూటలు విప్పితే జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఎండుమిరప కారం. అది తిని మళ్లీ అదే ఎక్కుడు.

మా పుస్తకాల్లో టవర్లకు అంకెలు. గ్యాంగు మాత్రం అంకెలతో పిలవలేదు. నీళ్ల దూరం టవరు, ఎలుగు టవరు, తేనె టవరు, ఏడుపు టవరు. ఆ చివరిదానికి రోడ్డు నుంచి ఎక్కడానికే సగం పూట పట్టేది. కొన్నాళ్లకు మా జీపు డ్రైవరు, సర్వేయరు, చివరికి నేను కూడా ఆ పేర్లతోనే మాట్లాడుకునేవాళ్లం.

ఈ పని మధ్యలోనే, 1999 ఫిబ్రవరిలో, రాష్ట్ర విద్యుత్ బోర్డు కరెంటు పుట్టించే జెన్‌కో, దాన్ని లైన్లలో పంపే ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. కాగితాల మీద ముద్రలు మారాయి. కొండ మీద ఏమీ మారలేదు.

టవరు నిలబెట్టే గ్యాంగు వేరు. వాళ్లు పశ్చిమ బెంగాల్లోని మాల్దా జిల్లా నుంచి వచ్చిన కుర్రాళ్లు. ఈ దేశంలో టవరు ఎక్కే పనికి ఆ జిల్లా పెట్టింది పేరు. క్రేను రాని చోట డెరిక్కు కడతారు: టవరు లోపలే ఒక పొడవాటి స్తంభం, దాని కొనకు కప్పీ, కప్పీ గుండా తాడు. కట్టిన భాగం మీద డెరిక్కును నిలిపి పై భాగాన్ని లాగడం, అది బిగిశాక డెరిక్కును ఇంకొంచెం పైకి జరపడం. కింద తాడు పట్టేవాళ్ల ముందు ఒక పెద్దవాడు నిలబడి చేత్తో సైగ చేస్తుంటాడు. పైన ఉన్న కుర్రాడు ఒక చేత్తో పానా పట్టుకుని, రెండో చేత్తో ఊగుతూ వస్తున్న ఇనుప ముక్కను రంధ్రానికి అందుకుంటాడు. ఆ ముక్క అంగుళం ఎక్కువ లేస్తే వేలు పోతుంది. కాబట్టి వాడి ప్రాణం కింద ఉన్న తాడు మనిషి చేతిలో ఉంటుంది.

ఒకరోజు మా చెంచు పెద్దాయన వచ్చి ఆ పని చాలాసేపు చూశాడు. చెంచులు కొండ చరియల్లో పట్టిన తేనె తియ్యడానికి తాడు కట్టుకుని అగాధంలోకి దిగుతారు. పైన ఆ తాడును పట్టుకునేది బావమరిది. చెల్లెలి పసుపు కుంకుమలు తన చేతిలో ఉన్నాయని తెలిసినవాడు తాడు వదలడని వాళ్ల నమ్మకం. ఆయన తాడు పెద్దను చూపించి, పైన ఉన్న కుర్రాడికి ఇతను ఏమవుతాడని అడిగాడు. వచ్చీరాని హిందీలో కనుక్కుని చెప్పాను: మేనమామ. ఆయన తలూపి, "మామైనా మంచిదే" అని బండ మీద కూర్చున్నాడు.

ఆ మాట విలువ తర్వాత తెలిసింది. ఆ మేనమామకు చలిజ్వరం వచ్చి గుడారంలో పడుకున్న రోజు, పని ఆగకూడదని పైనుంచి ఒత్తిడి వచ్చింది. ఉపగుత్తేదారు మనిషి ఒకడు కొత్తవాళ్లను తాడు మీద పెట్టాడు. టవరు చెయ్యి ముక్క పైకి పోతూ పక్కకు తిరిగి, కుర్రాడి భుజాన్ని కొట్టింది. నడుముకు కట్టుకున్న బెల్టు వాణ్ణి ఆపింది కాబట్టి బతికాడు. కంటె ఎముక విరిగింది. కిందికి దించి, దుప్పటితో జోలె కట్టి, పాలమూరు గ్యాంగు వంతులవారీగా మోస్తూ రోడ్డుకు తెచ్చింది. ఆ రోజు ఆ మనుషుల నడక నేను మరచిపోలేను. అంతవరకు ఇనుము మోసిన భుజాలు, ఒక్క కుదుపు కూడా లేకుండా మనిషిని మోశాయి. జీపులో అచ్చంపేట, అక్కడి నుంచి మహబూబ్‌నగర్. వైద్యం ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దగ్గర సంస్థ మీనమేషాలు లెక్కించింది. రెండు గ్యాంగులూ, భాష కూడా సరిగా కలవనివాళ్లు, కలిసి పని ఆపేశారు. అప్పుడుగానీ డబ్బు రాలేదు. అప్పటి నుంచి తాడు పెద్ద లేని రోజు ఎవరూ పైకి ఎక్కేవారు కాదు. ఆ నియమాన్ని రాసింది ఆఫీసు కాదు, గ్యాంగు.

తేనె టవరు సంగతి కూడా చెప్పాలి. టవరు నిలబెట్టాక తీగ లాగడానికి కొంత వ్యవధి వచ్చింది. ఆ లోపు పెద్ద తేనెటీగలు దాని చేతుల కింద పట్టు పెట్టాయి. అవి కుట్టడం మొదలుపెడితే మనిషి పైనుంచి దూకెయ్యాలనుకుంటాడు, అదే ప్రమాదం. మందు కొడదామని ఎవరో అన్నారు. చెంచులు ఒప్పుకోలేదు. ఇద్దరు కుర్రాళ్లు చీకటి పడ్డాక ఆకుల కట్టతో పొగ పెట్టుకుంటూ టవరెక్కారు. నిచ్చెన బోల్టులు వాళ్లకు అవసరమే పడలేదు. పట్టులో తేనె ఉన్న భాగం మాత్రం కోసి, దించి, ఈగలు లేచిపోయేలా చేశారు. మా గ్యాంగుకంతా ఆకు దొప్పల్లో తేనె పంచారు. మాల్దా కుర్రాళ్లు దాన్ని రొట్టెకు రాసుకుని తిన్నారు.

తీగ లాగడం అన్నిటికన్నా పెద్ద ఘట్టం. 400 కేవీకి వాడే మూస్ తీగ 54 అల్యూమినియం పోగులు, మధ్యలో 7 ఉక్కు పోగులు పేనినది. బొటనవేలికన్నా లావు, మీటరుకు రెండు కిలోలు. రెండు సర్క్యూట్లు, ఒక్కోదానికి మూడు ఫేజులు, ఫేజుకు రెండేసి తీగలు, అంటే టవరుకు పన్నెండు. టవరుకూ టవరుకూ మధ్య 400 మీటర్ల అంగకు తీగ బరువే తొమ్మిదిన్నర టన్నులు దాటుతుంది. తీగ డ్రమ్ము రోడ్డు దిగదు. అందుకే ముందు సన్నటి తాడు, దానికి పైలట్ వైరనే ఉక్కు తాడు, దానికి తీగ. ఆ మొదటి తాడు మాత్రం మనిషి పట్టుకుని లోయలోకి దిగి, అవతలి కొండ ఎక్కాల్సిందే. ఏడుపు టవరు దగ్గరి లోయలో ఆ తాడును తీసుకువెళ్లింది చెంచు కుర్రాళ్లు. వెదురు పొదల్లో చిక్కుపడకుండా చెట్ల మీదుగా ఎత్తుకుంటూ, మధ్యమధ్య ఈల వేస్తూ పోయారు. అవతలి శిఖరం నుంచి ఈల వినబడ్డాక పాలమూరు మేస్త్రి, మాల్దా మేనమామ ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు.

లాగిన తీగకు సరైన వంపు పెట్టడం ఉదయం పని. ఎండెక్కితే తీగ సాగుతుంది, వంపు పెరుగుతుంది. టవరుకు కట్టిన థర్మామీటరు చూసి, ఆ వేడికి ఎంత వంపు ఉండాలో పట్టికలో చూసి, రెండు టవర్లకూ అంత కిందికి పలకలు కట్టేవాళ్లం. ఒక పలక దగ్గర కన్ను పెట్టి రెండోదాన్ని చూస్తే, ఆ చూపు గీతకు తీగ అడుగు సరిగ్గా తాకాలి. "ఇంకొంచెం... చాలు... వెనక్కి జానెడు" అని వైర్‌లెస్‌లో చెబుతుంటే అవతల కొండ మీద యంత్రం లాగేది. నేలకు ఎక్కడా 8.84 మీటర్లకన్నా దగ్గరగా రాకూడదు. తీగను దండలకు బిగించి పుల్లీలు దించేశాక ఆ పన్నెండు తీగలూ ఒకే ఒరవడిలో కొండ మీద నుంచి కొండ మీదికి పోతుంటే చూసిన తృప్తి నాకు మళ్లీ ఏ మైదానపు లైనులోనూ కలగలేదు. ఒక్కో దండకు 23 పింగాణీ బిళ్లలు, మూడు మీటర్లకు పైగా పొడవు. అవీ భుజాల మీద ఎక్కినవే, గడ్డి చుట్టిన పెట్టెల్లో, ఒక్కటి పగలకుండా.

పని అయ్యాక నాన్నను తీసుకువెళ్లి చూపించాను. ఆయన యువకుడిగా నాగార్జునసాగర్ కట్ట మీద రాయి మోసిన మనిషి. ఆ ఆనకట్ట నడిమి భాగమంతా రాతి కట్టడం, మనుషులు వాలు మంచెల మీదుగా మోసిన రాయి. వటవర్లపల్లి దాటాక జీపు దిగి, తలెత్తి చూస్తూ అడవిలో కొంతదూరం నడిచాడు. "మేము కట్ట ఒకచోట కట్టాం బిడ్డా. మీరు కట్టను సాగదీసుకుంటూ పోయారు" అన్నాడు. ఇనుము ఎవరు మోశారని అడిగాడు. చెప్పాను. "కూలి సరిగా ఇచ్చారా?" అని అడిగాడు. అదీ చెప్పాను, ఆలస్యాలతో సహా.

పెంటల్లోని, అంటే అడవి గూడేల్లోని, చెంచు ఆడవాళ్లు అడిగిన ప్రశ్నకు మాత్రం నా దగ్గర మంచి జవాబు లేదు. "ఈ తీగ మా మీదుగా పోతుంది కదా, మా గుడిసెలో దీపం వెలుగుతుందా?" 400 కేవీ నుంచి నేరుగా దీపం వెలిగించలేం. సబ్‌స్టేషన్లో మెట్లు మెట్లుగా దించుకుంటూ రావాలి, అక్కడి నుంచి వేరే స్తంభాలు అడవిలోకి రావాలి. ఇదంతా విడమరిచి చెప్పాను. ఒకామె విని, "అయితే మీదుగా పోయేదేనన్నమాట" అంది. తర్వాతి కాలంలో కొన్ని పెంటలకు సౌర దీపాలు వచ్చాయి. అయినా ఆ తల్లి మాట నాకు గుచ్చుకుంటూనే ఉంది. తాడు పట్టుకుని లోయ దాటింది ఆమె పిల్లలే కదా.

2001లో మొదటి యూనిట్ తిరిగింది, 2003 నాటికి ఆరూ వచ్చాయి. అవి రెండు వైపులా తిరిగే యంత్రాలు. అవసరమైనప్పుడు కరెంటు పుట్టిస్తాయి. కరెంటు మిగిలిన వేళ అదే కరెంటు తీసుకుని, కింద నది నీటిని మళ్లీ పైనున్న జలాశయంలోకి తోడతాయి. అంటే ఈ లైను పట్నానికి కరెంటు తీసుకుపోవడమే కాదు, ఒక్కోసారి పట్నం వైపు నుంచి కొండకు కరెంటు తెచ్చి నీళ్లు ఎక్కిస్తుంది. ఈ సంగతి బిందెలు మోసిన ఆడవాళ్లలో ఒకామెకు అచ్చంపేట సంతలో చెబితే పకపకా నవ్వింది. "అప్పుడే ఉంటే మా మెడలు బాగుండేవి కదా సారూ!"

కొన్నేళ్ల కిందట కల్వకుర్తిలో ఒక పెళ్లిలో మా పాలమూరు మేస్త్రి కనిపించాడు. మోకాళ్లు అరిగిపోయాయి, చేతికర్ర వచ్చింది. బొటనవేలు మాత్రం అలాగే ఉంది, గట్టిగా, నున్నగా. ఆ తర్వాత మహారాష్ట్రలో, ఒడిశాలో లైన్లకు వెళ్లాడట. కొడుకులను ఈ పనికి రానివ్వలేదు. కుశలప్రశ్నలయ్యాక ఆయన అడిగిన మొదటి మాట: "నీళ్ల దూరం టవరుకు వాగు వైపు కాలు కింద మట్టి కొట్టుకుపోతోందని అప్పుడే చెప్పాను. గోడ కట్టారా?"

కట్టారని చెప్పాను. ఒకసారి ఆ దారిన వెళ్లినప్పుడు చూశాను, రాతి గోడ నడుమెత్తు ఉంది.

"నడుమెత్తు చాలదు సారూ. ఆ వాగు వానకాలంలో ఛాతీ దాకా వస్తుంది. బండ మీద నాచు గీత చూశాను నేను" అన్నాడు.

పెళ్లి భోజనం ముగించుకుని ఇంటికి రాగానే ఆ భాగం చూసే ఇంజనీరుకు ఫోను చేశాను. కుర్రవాడు, మర్యాదస్థుడు. నేను చెప్పిన పేరుతో టవరు ఆయనకు దొరకలేదు. పాత డైరీ వెతికి అంకె చెప్పాను. వెళ్లి చూశాడు. బండ మీద నాచు గీత నిజంగానే గోడకన్నా పైన ఉందని తిరిగి ఫోను చేశాడు. వానలకు ముందే గోడ మీద మరో మూడు వరసల రాయి లేపారు. ఆ రాయిని కూడా మనుషులే మోశారట, ట్రాక్టరు వాగు దాటలేదు కాబట్టి. మేస్త్రికి ఫోను చేసి చెప్పాను. ఎవరు మోశారని అడిగాడు. అమ్రాబాద్ వాళ్లని చెబితే, "రాయి ఎత్తే ముందు తడిపి ఎత్తమని చెప్పండి, తేళ్లుంటాయి అక్కడ" అన్నాడు.